హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కుక్కను పెంచుకోవాలంటే: టీకా కాగితం నుంచి లిఫ్ట్ గొడవ దాకా

లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి? అసోసియేషన్ వద్దంటే ఏం చేయాలి? పక్కింటివాళ్లు పోలీసులకు చెబుతామంటే భయపడాలా? పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు ఇవే. మూడింటికీ మూలం ఒక్కటే, రేబిస్ టీకా సర్టిఫికెట్. అది సరిగా ఉంటే లైసెన్సుకు అడ్డు ఉండదు. లైసెన్సు చేతిలో ఉంటే అసోసియేషన్‌తో ధైర్యంగా మాట్లాడొచ్చు. చాలామంది గొడవ మొదలయ్యాక కాగితాల కోసం పరుగెత్తుతారు. ఆ వరుస తిరగేయండి, సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

కింద రాసింది ప్రధానంగా జీహెచ్‌ఎంసీ పరిధిలో ఉన్నవాళ్ల కోసం. విశాఖ, విజయవాడ వంటి ఊళ్లలో దరఖాస్తు చేసే చోటు మారుతుంది. టీకా, అసోసియేషన్, కాటు, పక్షుల సంగతులు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కుక్క టీకా పుస్తకం. దాంతోపాటు డాక్టరు లెటర్‌హెడ్ మీద విడిగా ఒక రేబిస్ టీకా సర్టిఫికెట్
- యజమాని ఆధార్ లేదా ఓటరు కార్డు
- చిరునామా రుజువు: కరెంటు బిల్లు లేదా ఆస్తిపన్ను రసీదు, అద్దెకుంటే అగ్రిమెంటు
- కుక్క ఫొటోలు రెండు: ముఖం కనిపించేది ఒకటి, పక్క నుంచి ఒళ్లంతా కనిపించేది ఒకటి
- మైక్రోచిప్ వేయించి ఉంటే దాని 15 అంకెల నంబరు
- రోజువారీ వాడకానికి: ఐదారు అడుగుల గట్టి లీష్, ఫోన్ నంబరు చెక్కిన బిళ్లతో మెడపట్టీ, అలవాటు చేసిన మూతికట్టు, పాత పేపర్లు, ఒక నీళ్ల సీసా

1. ఇంటికి తెచ్చే ముందు మూడు చూసుకోండి

మొదటిది వయసు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘నెల పిల్ల, ఇప్పుడే తీసుకెళ్తే మీకు బాగా మాలిమి అవుతుంది’ అని ఎవరైనా అంటే అక్కడ కొనకండి. తల్లి దగ్గర నుంచి అంత త్వరగా విడదీసిన పిల్లలకే పార్వో లాంటి జబ్బుల భయం ఎక్కువ. కరిచే అలవాటు మానిపించడమూ కష్టమే.

రెండోది ఇల్లు ఎవరిది అన్న విషయం. సొంత ఫ్లాట్ అయితే మూడోదానికి వెళ్లండి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి. అసోసియేషన్‌కు లేని అధికారం ఇక్కడ ఓనరుకు ఉంది, ఎందుకంటే అగ్రిమెంటులో పెంపుడు జంతువులు వద్దని రాసి మీరు సంతకం పెడితే అది మీరు ఒప్పుకున్న షరతు. ఓనరు నోటిమాట మీద కుక్కను తెచ్చి, పదకొండు నెలలకు అగ్రిమెంటు మార్చేటప్పుడు ఇరుక్కునేవాళ్లు చాలామంది. ‘అద్దెదారు ఒక పెంపుడు కుక్కను ఉంచుకోవడానికి యజమానికి అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు.

మూడోది జాతి. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతులకు లైసెన్సులు ఇవ్వొద్దని 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జాతుల్లో ఏదైనా తెచ్చుకోవాలనుకుంటే, డబ్బు కట్టకముందే మీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో లైసెన్సు ఇస్తారో లేదో అడగండి. మొదటిసారి పెంచేవాళ్లకు, అందులోనూ రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, మా సలహా ఊరకుక్క పిల్లే. మన ఎండకు తట్టుకుంటుంది, చర్మ రోగాలు తక్కువ, ఖర్చూ తక్కువ.

2. టీకా వేయించండి, కాగితం అక్కడే సరిచూసుకోండి

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో కాంబినేషన్ టీకా, అంటే కొన్ని జబ్బులకు కలిపి వేసేది, మొదలవుతుంది. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు పడతాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు, మూడు నాలుగు వారాలకు బూస్టర్, ఆ తర్వాత ఏటా.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. ‘సెవెన్ ఇన్ వన్ వేయించాం, అందులో అన్నీ ఉంటాయి’ అనుకుంటారు. చాలా కాంబినేషన్ టీకాల్లో రేబిస్ ఉండదు. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టో లాంటివే ఉంటాయి. టీకా సీసా మీది స్టిక్కర్‌ను పుస్తకంలో అంటిస్తారు కదా, దాని మీద ‘రేబిస్’ అన్న మాటో, అక్షరాల వరుసలో ‘ఆర్’ అనో ఉందా చూడండి. డీహెచ్‌పీపీఐ, దాని పక్కన ‘ఎల్’ (అంటే లెప్టో) మాత్రమే ఉంటే రేబిస్ పడలేదన్నమాట. నోబివాక్ రేబిస్, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్ల రక్షారాబ్ లాంటివి విడిగా వేసే రేబిస్ టీకాలు.

రెండో పొరపాటు, టీకాను మెడికల్ షాపులో కొని కుక్కపిల్లలు అమ్మే అతనితో వేయించడం. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచకపోతే అది పనిచేయదు. పైగా ఆ కాగితం లైసెన్సుకు చెల్లదు. సర్టిఫికెట్ మీద వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి.

డాక్టరు గది నుంచి బయటికి రాకముందే ఇవన్నీ ఉన్నాయా చూడండి:

- యజమాని పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే
- కుక్క పేరు, జాతి, రంగు, మగ లేక ఆడ, వయసు
- టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ
- టీకా వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ
- డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు

బ్యాచ్ నంబరు వదిలేయడం, టీకా పుస్తకంలో ఇంట్లో పిల్లవాడి పేరు రాయించి దరఖాస్తు నాన్న పేరున పెట్టడం, ఈ రెండింటి వల్లే తిరిగి ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

డబ్బు ఇబ్బంది అయితే జూలై 6న, అంటే ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినాన, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. నారాయణగూడలోని ప్రభుత్వ పశు వైద్యశాల నగరంలో పెద్దది. ఉచిత టీకా అయినా సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రద్దీలో వాళ్లు మరచిపోతారు, మీరు మరచిపోవద్దు.

3. లైసెన్సుకు దరఖాస్తు

జీహెచ్‌ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. ఏటా రెన్యువల్ చేయించాలి.

ముందు మీ ఇల్లు ఏ కార్పొరేషన్, ఏ సర్కిల్ కిందికి వస్తుందో ఆస్తిపన్ను రసీదులో చూడండి. నగరం అంచుల్లో హద్దులు మారుతూ వచ్చాయి, పాత రసీదు నమ్ముకోకండి, తాజాది చూడండి.

ఆ తర్వాత కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ సేవల కింద పెంపుడు కుక్కల లైసెన్సు తెరవండి. వివరాలు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, తెర మీద చూపిన ఫీజు కట్టండి. వెబ్‌సైట్ మొరాయిస్తే సర్కిల్ ఆఫీసులో వెటర్నరీ విభాగానికి నేరుగా వెళ్లొచ్చు. కాల్ సెంటర్ నంబరు 040-21111111. ‘లైసెన్సు ఇప్పిస్తాం’ అనే మధ్యవర్తులకు వందలు, వేలు ఇవ్వాల్సిన పని ఇది కాదు.

ఫారం నింపేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండే. చిరునామా, కాగితంలో ఎలా ఉంటే అలాగే టైప్ చేయండి, ఫ్లాట్ నంబరుతో సహా. టీకా సర్టిఫికెట్‌ను మడతలు లేకుండా, వెలుతురులో, ముద్ర చదవగలిగేలా ఫొటో తీయండి. కుక్క టీకా గడువు ఇంకో నెలలో ముగుస్తుంటే ముందు టీకా వేయించి తర్వాత దరఖాస్తు పెట్టండి.

పని పూర్తయిందనడానికి గుర్తు ఫీజు కట్టిన మెసేజ్ కాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. దరఖాస్తు నంబరుతో స్థితి చూసి, ఆమోదం వచ్చాక సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి, అందులో పేరు, చిరునామా, కుక్క వివరాలు, గడువు తేదీ సరిపోయాయో లేదో చూడండి. ఒకటి ప్రింటు తీసి ఫైల్లో, ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి.

మైక్రోచిప్ విషయం కూడా ఇక్కడే. బియ్యపు గింజంత చిప్‌ను సూదితో మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. అందులో మీ పేరు, ఫోన్ ఉండవు, నంబరు మాత్రమే ఉంటుంది. ఆ నంబరు మీ పేరున నమోదు కాకపోతే చిప్ ఉన్నా ప్రయోజనం లేదు. వేయించిన రోజే డాక్టరుతో స్కాన్ చేయించి, టీకా పుస్తకంలో రాయించండి.

4. అసోసియేషన్‌కు మీరే ముందు లేఖ ఇవ్వండి

భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరి 26న అపార్ట్‌మెంట్ల సంఘాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం:

- పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘానికి లేదు. జనరల్ బాడీలో మెజారిటీ తీర్మానం చేసినా, బైలాస్ (సంఘం నియమావళి) మార్చినా అంతే.
- చిన్న జాతికి సరే, పెద్ద జాతికి కాదు అనడానికీ లేదు.
- లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు, ఎక్కితే అదనపు చార్జీ అనకూడదు.
- మూతికట్టు తప్పనిసరి అని పట్టుబట్టకూడదు.
- మొరుగుతోందన్న కారణంతో కుక్కను పంపించేయమనలేరు.
- శుభ్రం చేయలేదని సంఘం సొంతంగా జరిమానా వేయలేదు. మున్సిపాలిటీ మాత్రం వేయగలదు, రెండూ కలిపి చూడకండి.

కేరళ హైకోర్టు కూడా 2021లో, పెంపుడు జంతువులను నిషేధించే బైలాస్ చెల్లవని తీర్పిచ్చింది.

ఇంత ఉన్నా, ఈ సర్క్యులర్ పట్టుకుని మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో యుద్ధం చేయకండి. నెగ్గినా ఆ లిఫ్ట్‌లోనే, ఆ మనుషులతోనే పదేళ్లు తిరగాలి. కుక్కను తెచ్చిన వారంలోపే ఇలా ఒక లేఖ ఇవ్వండి:

> అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు,
> మా ఫ్లాట్ నం. ____లో ఒక పెంపుడు కుక్క (జాతి ____, రంగు ____) ఉంది. రేబిస్ టీకా ____ తేదీన వేయించాం. మళ్లీ వేయించాల్సిన తేదీ ____. మున్సిపల్ లైసెన్సు నం. ____. ఇంటి బయట ఎప్పుడూ తాడుతోనే తిప్పుతాం. మలం మేమే ఎత్తి శుభ్రం చేస్తాం. ఎవరికైనా ఇబ్బంది కలిగితే ____ నంబరుకు ఫోన్ చేయగలరు. టీకా, లైసెన్సు నకళ్లు జతచేశాం. అందినట్లు రెండో ప్రతి మీద సంతకం చేసి ఇవ్వగలరు.

ఆ రెండో ప్రతి మీది సంతకం, తేదీయే రేపు మీకు పనికొచ్చేది. సంతకం చేయకపోతే ఈమెయిల్ పంపండి, లేదా రిజిస్టర్డ్ పోస్టు చేయండి.

రెండు లిఫ్టులుంటే ఒకటి కుక్కలున్నవాళ్లకు కేటాయిస్తామని, పార్కులోకి ఫలానా వేళల్లో తీసుకురమ్మని అడిగితే ఒప్పుకోండి. అవి నిషేధాలు కావు, సర్దుబాట్లు. నీళ్లు ఆపేస్తాం, వాచ్‌మన్‌తో గేటు దగ్గర ఆపిస్తాం అన్నప్పుడు మాత్రం ఊరుకోవద్దు. ఏ తీర్మానం ప్రకారమో రాతపూర్వకంగా ఇమ్మనండి. చాలా గొడవలు ఇక్కడే చల్లబడతాయి, కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. వచ్చారనుకోండి, ఆ కాగితంతో బోర్డు మార్గదర్శకాలు జతచేసి సంఘం రిజిస్టరైన రిజిస్ట్రార్‌కూ, బోర్డుకూ ఫిర్యాదు చేయండి.

5. రోజూ పాటించాల్సినవి

హక్కులు అసోసియేషన్‌ను ఆపుతాయి, మీ బాధ్యతను కాదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మీ జంతువు వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

లిఫ్ట్‌లో: తలుపు తెరుచుకోకముందే లీష్‌ను అడుగున్నర పొడవుకు కుదించి చేతికి చుట్టుకోండి. కుక్కను మూలకు పెట్టి మీరు దానికీ తలుపుకూ మధ్య నిలబడండి. లోపల పిల్లలో, పెద్దవాళ్లో, భయపడేవాళ్లో ఉంటే తర్వాతి లిఫ్ట్‌కు ఆగండి. లాగితే సాగే లీష్ లిఫ్ట్‌లో వాడొద్దు. తలుపు మూసుకుపోయాక కుక్క బయట, మనిషి లోపల ఉండిపోయే ప్రమాదాలు దాంతోనే. ‘ఏమీ అనదండీ’ అన్న మాట మానేయండి. భయపడే మనిషికి అది జవాబు కాదు.

మలం: కుక్క కూర్చోగానే కింద పేపరు జరిపితే నేల అంటకుండా పని అయిపోతుంది. దాన్ని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయండి, పేపరు మాత్రం వేయొద్దు. లేదా పొట్లం కట్టి డైపర్లు వేసే చెత్తలో వేయండి. తడి చెత్తలో కలపొద్దు. మూత్రం మీద సీసా నీళ్లు పోయండి. సెల్లార్‌లో కారు టైర్ల మీద పోయించడం మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు, కుక్క గొడవల్లో సగం టైర్ దగ్గర మొదలయ్యేవే. ఇంట్లో నుంచి గేటు దాటేదాకా లీష్ వదులు చేయకపోతే ఆ అలవాటు పడదు.

మొరగడం: ఒంటరిగా వదిలేసిన కుక్క, బాల్కనీలో కట్టేసిన కుక్క ఎక్కువ మొరుగుతాయి. మీరు ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో ఒక ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళ్లండి. పక్కింటివాళ్లు చెప్పింది నిజమో కాదో సాయంత్రానికి తేలిపోతుంది. బాల్కనీ తలుపు మూసి, వీధి వైపు కర్టెన్ వేసి, వెళ్లే ముందు అరగంట నడిపిస్తే చాలా కుక్కలు పడుకుంటాయి. రోజంతా గొలుసుతో కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. పెంచలేక రోడ్డు మీద వదిలేయడమూ అదే సెక్షన్ కిందికి వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

6. కరిస్తే

మీ కుక్కే కరిచినా, టీకాలన్నీ వేయించినా, ఈ వరుస మార్చకండి.

గాయాన్ని వెంటనే సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు, రెండు నిమిషాలు కడిగి సరిపెట్టుకోవద్దు. కారం, సున్నం, పసుపు, పసరు మందు ఏదీ పెట్టొద్దు. కట్టు గట్టిగా కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకాలు కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో పడతాయి, 0 అంటే మొదటి టీకా వేసిన రోజు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా అవసరం, డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

కుక్కను 10 రోజులు ఇంట్లోనే కట్టుదిట్టంగా ఉంచి గమనించండి. తిండి మానేయడం, చొంగ కార్చడం, గొంతు మారడం, నడక తూలడం కనిపిస్తే పశువుల డాక్టరుకు చెప్పండి. దాన్ని ఎక్కడికో పంపేయడం, చంపడం చేయొద్దు. అలా చేస్తే కాటు పడినవాళ్లకు పనికొచ్చే సమాచారమే పోతుంది. టీకా సర్టిఫికెట్ నకలు ఆ కుటుంబానికి ఇవ్వండి. వైద్యం ఖర్చు మీరు పెట్టుకోవడం మర్యాద, చాలా కేసులు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లకుండా ఆగేదీ దానివల్లే.

7. వీధికుక్కలకు తిండి పెట్టేవాళ్లకు

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం తిండి పెట్టే చోటును సంఘంతో కలిసి నిర్ణయించుకోవాలి. మెట్లు, గేటు, పిల్లలు ఆడుకునే చోటు కాకూడదు. కేటాయించిన చోట్లలోనే పెట్టాలని, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కూడదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెట్టాక గిన్నెలు, మిగిలిన అన్నం తీసేయండి.

8. కుక్క కాకుండా చిలుకో తాబేలో ఉంటే

పంజరంలో రామచిలుక ఉన్న ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. చాలామందికి అది నేరమని తెలియదు. రామచిలుక, గోరింక, మునియా పిట్టలు, నక్షత్ర తాబేలు, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం ఏదీ కుదరదు. లైసెన్సు తీసుకుందామన్నా దొరకదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. పంజరంలో పెరిగిన చిలుకను డాబా మీద నుంచి ఎగరేస్తే కాకులకో గద్దలకో దొరికిపోతుంది.

బడ్జీలు, కాకటీల్, మామూలు లవ్‌బర్డ్స్, జీబ్రా ఫించ్‌లు పెంచుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే, మకా, ఇగ్వానా, బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవులకు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. చేతికి వచ్చిన 30 రోజుల్లోపు చేయాలి. అమ్మినవాళ్ల బిల్లు, వాళ్ల నమోదు కాగితం లేకుండా కొనొద్దు.

9. ఆ తర్వాత

టీకా తేదీకి 15 రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లైసెన్సు రెన్యువల్ దాని వెంటే చేయండి. ఇల్లు మారితే కొత్త చిరునామాతో లైసెన్సు మార్పించుకుని, కొత్త అసోసియేషన్‌కు నాలుగో మెట్టులోని లేఖ ఇవ్వండి. కుక్కను వేరేవాళ్లకు ఇచ్చేస్తే టీకా పుస్తకంతోపాటు తేదీ వేసి రాసిన చిన్న ఒప్పుకోలు కాగితం తీసుకోండి, లేకపోతే అది ఎవరినైనా కరిచినప్పుడు లైసెన్సు మీద ఉన్న మీ పేరే బయటికొస్తుంది. కుక్క చనిపోతే చెత్త బండికి ఇవ్వొద్దు, ఖాళీ స్థలంలో పైపైన పూడ్చొద్దు. నగరంలో ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. ముందు ఫోన్ చేసి వేళ అడిగి వెళ్లండి. ఆ రసీదుతో లైసెన్సు రద్దు చేయించండి.